అటక మీద దొరికిన ఆటోగ్రాఫ్ ఎంత పలుకుతుంది?

[టేబుల్ మీద అరచేయంత పాత ఆటోగ్రాఫ్ పుస్తకం. గులాబీ, లేత పసుపు, నీలం కాగితాలు. ఒక చేయి పేజీలు తిప్పుతుంది.]

నమస్తే అండి. ఇది మా పెదనాన్న పుస్తకం. కాలేజీ ఎగ్గొట్టి, ఫతే మైదాన్ గేటు దగ్గర, అదే ఇప్పటి ఎల్‌బీ స్టేడియం, గంటలకొద్దీ నిలబడి సంపాదించినవి ఇవన్నీ. మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ టోర్నీ జరిగే రోజుల్లో పెద్ద ఆటగాళ్లను అంత దగ్గరగా చూసే అవకాశం మళ్లీ రాలేదంటాడు. ఈ గులాబీ పేజీ మీద మన హైదరాబాద్ క్రికెటర్ ఎం.ఎల్. జయసింహ సంతకం.

[క్లోజప్: పేజీ మీద ప్లాస్టిక్ మెరుపు]

ఆ మెరుపు చూశారా? లామినేషన్. పేజీ ఊడి వచ్చిందని, పాడైపోతుందని మా ఇంట్లోవాళ్లే జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి చేయించారు. వేడికి కరిగిన జిగురు కాగితంలోకి దిగిపోయింది. దాన్ని ఇప్పుడు విడదీయబోతే కాగితమూ లేచొస్తుంది. మంచి మనసుతో చేసిన పనే. కానీ కొనేవాడు ఆ పేజీ చూడగానే రేటు తగ్గిస్తాడు. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే, దాని మీద చేయి వేసే ముందు ఈ వీడియో చూడండి.

ముందు అసలు ప్రశ్న: సంతకం నిజమైనదేనా?

[భూతద్దం కింద సంతకం]

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్సు చాలు. వేగంగా పెట్టిన సంతకంలో గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా పోతుంది. చివర తోకలాగా తేలిపోతుంది. చూసి చూసి దిద్దినవాడి గీత వణుకుతుంది, మధ్యలో ఆగిన చోట సిరా చుక్క కడుతుంది. ఇక గీత అంతా ఒకే మందంలో, చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు. షాపుల్లో అమ్మే బ్యాట్ల మీద క్రికెటర్ల సంతకాలు అలా అచ్చేసినవే. వాటిని చేతి సంతకాలనుకుని మురిసిపోయేవాళ్లు చాలామంది ఉంటారు.

పెన్ను కూడా సాక్ష్యమే. బాల్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చిందే 1945లో. మనవాళ్లు తొలి టెస్టు ఆడింది 1932లో లార్డ్స్‌లో, కెప్టెన్ మన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు. ఆ టూర్‌లోనే సంతకాలు పెట్టారంటూ ఎవరైనా బాల్ పెన్నుతో రాసిన బ్యాట్ తెస్తే, టీ ఇచ్చి పంపించేయండి.

నాకు బాగా నచ్చిన పరీక్ష మాత్రం జట్టు జాబితా. 1971లో ఇండియా రెండు పెద్ద సిరీస్‌లు గెలిచింది, వెస్టిండీస్‌లో ఒకటి, ఇంగ్లండ్‌లో ఒకటి. వెస్టిండీస్ వెళ్లిన జట్టులో హైదరాబాద్ వాళ్లే ఐదుగురు: జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతిలాల్, గోవింద్‌రాజ్. ఆ జట్టులో స్పిన్నర్ చంద్రశేఖర్ లేడు. ఇంగ్లండ్ టూర్‌కి చంద్రశేఖర్ వచ్చాడు, ఓవల్‌లో 38 పరుగులకు 6 వికెట్లు తీశాడు. అప్పటికి జయసింహ జట్టులో లేడు. కాబట్టి 'వెస్టిండీస్ టూర్ బ్యాట్' అని చెప్పి, దాని మీద చంద్రశేఖర్ సంతకం చూపిస్తే కథ ఎక్కడో తప్పింది. సంతకం నిజమే కావచ్చు, తర్వాతెప్పుడో ఏ సన్మాన సభలోనో పెట్టించింది కావచ్చు. అప్పుడు దాని ఖరీదు వేరు.

మరి సర్టిఫికెట్ ఉందిగా అంటారా? అమెరికాలో 1990లలో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దొంగ ఆటోగ్రాఫుల ముఠాల మీద పడింది. దొరికిన సరుకులో మదర్ థెరిసా సంతకం ఉన్న బేస్‌బాల్ కూడా ఉంది! సంతకం దొంగదైతే సర్టిఫికెట్ కొట్టించడానికి ఎంతసేపు?

రేటు విషయానికొస్తే, వార్తల్లో వచ్చే అంకెలు చూసి ఆశ పెంచుకోకండి. 2011 ప్రపంచకప్ ఫైనల్లో ధోని ఆడిన బ్యాట్ లండన్‌లో లక్ష పౌండ్లు పలికింది. 2020లో షేన్ వార్న్ టోపీ పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. రెండూ మైదానంలో వాడినవి, రెండూ సేవ కోసం వేలం వేసినవి. మన పుస్తకం ఆ లెక్కలోకి రాదు. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన రేటు కూడా రేటు కాదు, అది వాళ్ల కోరిక. అలాంటి వస్తువు వేలంలో నిజంగా ఎంతకు అమ్ముడైందో అదే చూడాలి.

[హాల్లో కిటికీ ఎదురుగా ఫ్రేమ్ కట్టిన జెర్సీ]

ఇక కాపాడుకోవడం. హాల్లోకి రాగానే కనబడాలని కిటికీ ఎదురుగా తగిలిస్తాం కదా, సంతకానికి అంతకన్నా శత్రువు లేదు. ఎండే కాదు, వెలుతురు కూడా రంగు తినేస్తుంది, పోయిన రంగు తిరిగి రాదు. మార్కర్ సిరాలు మరీ త్వరగా వెలిసిపోతాయి. వెలిసింది కదా అని పైన దిద్దారో, అయిపోయింది. ఫ్రేమ్ కట్టించినా అద్దం సంతకాన్ని తాకకూడదు, మధ్యలో అట్ట పెట్టి ఖాళీ ఉంచమనండి.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉండేవాళ్లకు అసలు టెన్షన్ తేమ. బీరువాను బాత్రూమ్ గోడకు ఆనించకండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరగగానే మార్చండి. కలరా ఉండలు వద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే పీవీసీ కవర్లూ వద్దు, సిరా వాటికి అంటుకుంటుంది. ఆమ్లం లేని కాగితం, పాలిస్టర్ కవరు మంచివి. బ్యాట్ అయితే అవిసె నూనె రాయాలని చేతులు దురద పెడతాయి. ఆడే బ్యాట్‌కి రాయండి, సంతకాల బ్యాట్‌కి వద్దు, సిరా పాకిపోతుంది. జెర్సీని ఉతకొద్దని వేరే చెప్పాలా?

[మళ్లీ ఆటోగ్రాఫ్ పుస్తకం. జయసింహ పేజీ పక్కన ఇంకో పేజీ]

ఒక్క విషయం నన్ను చాలా రోజులు పీడించింది. ఈ పుస్తకంలో అన్ని సంతకాలూ నీలం సిరావి. జయసింహది ఒక్కటే ఆకుపచ్చ. దొంగదేమో అనుకున్నాను. చివరికి పెదనాన్న ముందు ఫోన్ రికార్డింగ్ పెట్టి కూర్చున్నాను. ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు, అన్నీ ఆయన నోటితోనే చెప్పించి, కాగితం మీద రాయించి, సంతకం పెట్టించాను. మీరూ పెద్దవాళ్లు ఉండగానే ఈ పని చేయండి, కొనేవాడు మొదట అడిగేది అదే.

ఆకుపచ్చ సంగతి అడిగితే పెదనాన్న నవ్వాడు. "నా పెన్నులో సిరా అయిపోయిందిరా. పక్కన నిలబడ్డ కుర్రాడి పెన్ను లాక్కున్నాను. అది ఇంకా నా దగ్గరే ఉంది."