మచ్చ పండు మీద, మూలం పూతలో

మామిడి రైతులందరికీ నమస్కారం.

బంగినపల్లి కాయ కోసిన రోజు నున్నగా, పచ్చగా ఉంటుంది. మండీకి చేరి మాగేసరికి ఒంటినిండా నల్లమచ్చలు లేస్తాయి. అప్పుడు మనం లారీవాణ్ణి తిడతాం, మాగబెట్టినవాణ్ణి తిడతాం. చాలాసార్లు వాళ్ల తప్పేమీ ఉండదు. తెగులు పిందెలోనే చేరి ఉంటుంది.

పక్షికన్ను తెగులు అని మనం పిలిచే దీనికి కారణం కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం. ఎండుపుల్లల మీద, రాలిన ఆకుల మీద బతుకుతూ వానచినుకులతో పూతకు, పిందెకు చేరుతుంది. తడి దొరికితే మొలకెత్తి, పిందె తొక్కలోకి దిగి అక్కడే ఆగిపోతుంది. పచ్చికాయ తొక్కలో దాన్ని అణిచే పదార్థాలు ఉంటాయి. పండేకొద్దీ అవి తగ్గుతాయి, తెగులు విజృంభిస్తుంది. అందుకే మచ్చ చూసి మందుల షాపుకు పరిగెత్తితే లాభపడేది షాపే.

పూమొగ్గ దశలో ఒకసారి, పిందె కట్టాక మరోసారి శిలీంధ్రాన్ని చంపే మందు, లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ గానీ 2.5 గ్రాముల మాంకోజెబ్ గానీ, పిచికారీ చేయండి. పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు మాత్రం కొట్టవద్దు, ఈగలూ తేనెటీగలూ పోతే పిందె ఎక్కడిది? పోయిన ఏడు పనిచేసిందని కార్బెండజిమ్‌నే పదే పదే కొట్టే అలవాటు మానండి. అది శిలీంధ్రాన్ని ఒకే చోట దెబ్బతీస్తుంది, ఆ దెబ్బకు శిలీంధ్రం త్వరగా అలవాటు పడుతుంది. మాంకోజెబ్ దెబ్బ అనేక చోట్ల తగులుతుంది కాబట్టి మార్చి మార్చి వాడాలి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, చదవండి. ఎగుమతిచేసే కాయలో అవశేషాలు పరిమితి దాటితే సరుకు తిరస్కరిస్తారు.

కోతలయ్యాక ఎండుపుల్లలు కత్తిరించి కాల్చేయండి. ఆపైన ఒక శాతం బోర్డో మిశ్రమం చల్లండి. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. ఇనుప పాత్ర పనికిరాదు. మిశ్రమంలో శుభ్రమైన ఇనుప కత్తిని కాసేపు ముంచి తీయండి, రాగిరంగు పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం.

తొడిమ దగ్గర మొదలయ్యే కుళ్లు సంగతేమిటని ముందు వరుసలో అడుగుతున్నారు. అది వేరే శిలీంధ్రం. సెంటీమీటరు తొడిమ ఉంచి కోయండి, నేల మీద పోయకండి. కోసిన కాయలను 52 డిగ్రీల వేడినీటిలో పది నిమిషాలు ముంచితే పక్షికన్ను కూడా బాగా తగ్గుతుంది. చేత్తో అంచనా వేయకుండా, థర్మామీటరు పెట్టి చూడండి.