కుళాయి వచ్చే గంట

అందరికీ నమస్కారమండి. చిన్నపిల్లలతో రోజంతా ఇంట్లో ఉండేవాళ్ళ దినచర్య ఎలా ఉంటుందో కాస్త చెప్పండి అని రేడియోవాళ్ళు నన్ను పిలిచారు, టైము పది నిమిషాలు అన్నారు. పది నిమిషాలు వరసగా, మధ్యలో ఎవరూ "నాన్నా" అని పిలవకుండా మాట్లాడొచ్చంటే అదే నాకు పెద్ద సెలవు, అందుకే సరే అన్నాను.

మాది విజయనగరం, దాసన్నపేట వైపు. మా ఆవిడ గవర్నమెంట్ స్కూల్లో టీచర్, గజపతినగరం దాటాక ఓ ఊళ్ళో, ఏడున్నరకల్లా గుమ్మం దాటకపోతే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు అందదు. ఇంట్లో ఉండేది నేను. పెద్దోడు ఎల్‌కేజీ, చిన్నదానికి ఏడాదిన్నర. చిన్నది పుట్టాక ఇద్దరి జీతాలూ కాగితం మీద రాసుకున్నాం, ఎవరిది మానితే ఇల్లు నడుస్తుందో చూసుకున్నాం, నాదే మానాలని తేలింది. ఇందులో త్యాగం గీగం ఏమీ లేదు, ఉత్త లెక్క. మా వీధిలో మాత్రం కొన్నాళ్ళపాటు "ఏటి బాబూ, ఇయాల డూటీకెల్లలేదా" అని రోజూ అడిగేవారు, ఇదేనండీ నా డ్యూటీ అంటే నవ్వేవారు. ఇప్పుడు అడగడం మానేశారు. పైగా రైతుబజార్లో పిల్లని చంకనేసుకుని వంకాయలు ఏరుతుంటే ఆడవాళ్ళు కాస్త జరిగి చోటిస్తున్నారు, పుచ్చువి తీసేసి మంచివి చేతికిస్తున్నారు కూడా. అది నాకు లాభమే.

సరే, పని సంగతికొస్తాను. 2024లో కేంద్ర ప్రభుత్వం వాళ్ళు టైమ్ యూజ్ సర్వే అని ఒకటి చేశారు, మనుషులు రోజులో దేనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్క. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవడం మళ్ళీ వేరే, అది ఆడవాళ్ళకి 137, మగవాళ్ళకి 75. ఆ 88 విని ఇంట్లో ఎవరైనా ఎవరివైపైనా చూస్తుంటే చూసుకోండి, నేను మధ్యలోకి రాను.

కానీ నాకు ఆ లెక్కలో ఒకటి తక్కువనిపించింది. ఆ 289 నిమిషాలు ఎన్ని ముక్కలుగా వచ్చాయి? అంట్లు తోమడం పావుగంట పని అండీ. మా ఇంట్లో అది పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి అవుతుంది, ఎందుకంటే రెండు గిన్నెలు తోమేసరికి పెద్దోడు పిలుస్తాడు, చెయ్యి కడుక్కుని వెళ్ళి వచ్చి ఇంకో గిన్నె పట్టుకునేసరికి చిన్నది పడుతుంది, అది ఊరుకునేసరికి గ్యాస్ అతను బెల్లు కొడతాడు. ఏ పనీ పెద్దది కాదు. ఏ పనీ కష్టం కాదు. కానీ ప్రతి పనీ తెగిపోతుంది. మధ్యలో వదిలేసి లేవాలి, మళ్ళీ వచ్చి అందుకోవాలి, మళ్ళీ వదలాలి. ఇంట్లో పిల్లలతో ఉన్నవాళ్ళు సాయంత్రానికి ఎందుకంత డస్సిపోతారు, చేసింది ఏముంది అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే, చేసినందుకు కాదు, వదిలేసి లేచినందుకు.

ఇది బాగా కనబడేది కుళాయి టైములో. మా వీధికి మునిసిపాలిటీ నీళ్ళు పొద్దున్న వస్తాయి, ఓ గంటసేపు ఉంటాయి, ఆరున్నరకి రావచ్చు ఏడుంబావుకీ రావచ్చు, వాటి ఇష్టం. ముందు సర్రుమని గాలి వస్తుంది, తరవాత ఓ రెండు చెంబులు ఎర్రనీళ్ళు, అవి మొక్కలకి, ఆ తరవాత అసలు నీళ్ళు. ఎదురింటి మామ్మ గుమ్మంలోంచే కేకేస్తుంది, "బాబూ, కులాయొచ్చీసింది, బేగి రా" అని. ఆ కేక వినబడే టైముకి స్టవ్వు మీద ఒకవైపు పాలు, ఇంకోవైపు చిన్నదానికి చోడి జావ, అదే రాగి జావ. చోడి జావ కలుపుతూనే ఉండాలి, వదిలితే అడుగంటుతుంది లేదా ఉండ కడుతుంది, ఉండ కట్టిందంటే మా చిన్నది నోట్లోంచి వేలితో తీసి నా చొక్కాకి రాస్తుంది. మా ఆవిడ ఓ చేత్తో జడ వేసుకుంటూ ఇంకో చేత్తో క్యారేజీ మూత బిగిస్తుంటుంది. పెద్దోడు ఒక కాలికి సాక్స్ వేసుకుని రెండో సాక్స్ చేతికి తొడుక్కుని అది పాము అంటాడు.

నీళ్ళు పట్టాలంటే ముందు తాగే నీళ్ళ బిందెలు, తరవాత పెరట్లో నీలం డ్రమ్ము, తరవాత బాత్రూంలో రెండు బకెట్లు, పిల్లల స్నానం టబ్బు, మిగిలితే బట్టల తొట్టి. పైపు బిందెలో పెట్టి జావ దగ్గరకి పరిగెత్తాలి. జావ దించి డ్రమ్ములోకి పైపు మార్చాలి. ఈలోగా మా ఆవిడ వెళ్ళొస్తానంటూ చెప్పులేసుకుంటుంది, చిన్నదానికి అది కనబడకూడదు, కనబడితే ఏడుపు, అందుకని దాన్ని ఎత్తుకుని వెనకవైపు కాకుల్ని చూపించాలి. బస్సు ఎక్కాక ఆవిడే ఫోన్ చేస్తుంది, "ఏవండీ, కళ్ళజోడు టీవీ దగ్గరుందా చూడండి" అని. ఉంటుంది. ఉంటే మాత్రం ఏం చేస్తాం. ఎనిమిదింబావుకి స్కూల్ ఆటో, వీధి చివర నుంచే హారన్ కొట్టుకుంటూ వస్తాడు, అప్పుడు పెద్దోడికి బాత్రూం గుర్తొస్తుంది, వాటర్ బాటిల్ గుర్తొస్తుంది, డైరీలో సంతకం లేదని గుర్తొస్తుంది, అన్నీ ఆ హారన్‌కే గుర్తొస్తాయి.

ఇంతసేపూ ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ గంటలో నేను పైపు దగ్గర నుంచి ఎన్నిసార్లు లేస్తానో చూశారు కదా, లేచిన ప్రతిసారీ చిన్నది ఎక్కడుంది?

నీళ్ళ దగ్గరే ఉంటుంది. ఏడాదిన్నర పిల్లకి నీళ్ళ కన్నా మంచి ఆట ఏముంది. బకెట్ అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, మగ్గు తేలుతుంటే దాన్ని పొడుస్తుంది, సబ్బు వేస్తుంది, నాన్న ఫోన్ దొరికితే అదీ వేస్తుంది.

ఎదురింటి మామ్మ సంగతి చెప్పాలి ఇక్కడ. ఆవిడ మా ఇంటికి ఎప్పుడొచ్చినా, కరివేపాకు కోసం వచ్చినా సరే, ఖాళీ బకెట్ కనబడితే బోర్లించేసి వెళ్తుంది. ఏమీ అనదు. మాటల మధ్యలోనే వంగి బోర్లిస్తుంది. పిల్లల్ని పెంచింది, మనవల్ని పెంచింది, ఇప్పుడు మునిమనవడు కూడా ఉన్నాడు. ఓసారి ఎందుకు మామ్మా అని అడిగితే, "నడక నేర్సిన గుంటున్న ఇంట్లో బాల్చీ బోర్లించుండాల బాబూ, నిండుగుంటే మూతుండాల" అంది, అని కరివేపాకు తీసుకుని వెళ్ళిపోయింది. మా అత్తగారు వస్తే సరిగ్గా ఉల్టా, బాత్రూంలో బకెట్ ఖాళీగా ఉండకూడదు, ఇంటికి మంచిది కాదు అంటారు. అత్తగారికి ఎదురు చెప్పేంత ధైర్యం నాకు లేదు, ఆవిడ ఉన్నన్నాళ్ళూ నింపే ఉంచుతాను, పైన మూత పెట్టేస్తాను. ఇద్దరి మాటా చెల్లింది.

మామ్మ చెప్పినదాని వెనక లెక్క ఏమిటో చూడండి. ఏడాదిన్నర పిల్ల సుమారు పది కిలోలుంటుంది. ఇరవై లీటర్ల బకెట్ నిండితే నీళ్ళే ఇరవై కిలోలు, అంటే పిల్లకి రెండింతలు. ఆ వయసులో ఒంటికి తల బరువెక్కువ, వంగి లోపలికి చూస్తే తల ముందుకి పోతుంది, కాళ్ళు నేల వదిలేస్తాయి. మనమైతే బకెట్ పట్టుకుని లాగితే ఒరిగిపోతుంది, పిల్ల బరువుకి అది ఒరగదు, బండలా ఉంటుంది. చేతులకి పైకి తోసుకునే బలం ఉండదు. బకెట్ నిండా ఉండక్కర్లేదు కూడా, ముక్కూ నోరూ మునిగేంత నీళ్ళు అడుగున ఉన్నా చాలు. కేక వేద్దామంటే నోరు నీళ్ళలో ఉంటుంది. చప్పుడే రాదు. వంటింట్లో ఉన్నవాళ్ళకి పిల్ల బుద్ధిగా ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది.

భయపెట్టడానికి చెప్పట్లేదండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద సుమారు 3 లక్షల మంది, అందులో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళ లోపు పిల్లలే. నదులూ చెరువులూ బావులూ అన్నీ కలిపిన లెక్క అది. మనకి నీళ్ళ ప్రమాదం అనగానే ఆ నదులూ చెరువులే గుర్తొస్తాయి. సాయంత్రం పిల్లల్ని అయ్యకోనేరు గట్టుకి తీసుకెళ్తాం, అక్కడ ఎవర్ని చూసినా పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంటారు, ఫోన్ వచ్చినా చెయ్యి వదలరు, మరమరాలు కొన్నా ఒంటి చేత్తోనే డబ్బులు తీస్తారు. అదే మనిషి ఇంటికొచ్చి నిండు బకెట్ పక్కన పిల్లని కూచోబెట్టి తువ్వాలు తేవడానికి వెళ్తాడు. కోనేరంటే భయం ఉంది, బకెట్ అంటే లేదు. నడవడం కొత్తగా నేర్చిన పిల్ల చెరువు దాకా ఒంటరిగా వెళ్ళలేదు కదండీ, బాత్రూం దాకా మాత్రం హాయిగా వెళ్తుంది.

అందుకని మా ఇంట్లో పద్ధతి ఒకటే. ఖాళీది బోర్లించు, నిండుదానికి మూత పెట్టు, తలుపుకి గొళ్ళెం వెయ్యి. మళ్ళీ చెప్తున్నాను, రేడియోలో వెనక్కి తిప్పి వినడం కుదరదు కాబట్టి. ఖాళీది బోర్లించు, నిండుదానికి మూత పెట్టు, తలుపుకి గొళ్ళెం వెయ్యి. స్నానం చేయించేటప్పుడు పాలు పొంగినా, హారన్ కొట్టినా, ఫోన్ మోగినా, లేవాల్సొస్తే ఒంటరిగా లేవకూడదు, తడిపిల్లని అలాగే చంకనెత్తుకుని లేవాలి. చొక్కా తడుస్తుంది, తడవనీ. పాలు పొంగితే పొంగాయి. "ఒరే చెల్లిని చూస్తూ ఉండు" అని పెద్దోడికి అప్పజెప్పడం లెక్కలోకి రాదు, నాలుగేళ్ళవాడు సాక్స్‌ని పాము అనుకుంటున్నాడు, వాడికి కాపలా ఉద్యోగం ఏమిటి.

మూతలకి ఖర్చు పెద్దగా లేదు, ప్లాస్టిక్ సామాన్ల కొట్లో డ్రమ్ము మూత విడిగా అమ్ముతారు, కాకపోతే చిన్నది లాగితే రాకుండా బిగుతుగా ఉండేది చూసుకోవాలి, పైన ఊరికే పళ్ళెం బోర్లిస్తే అది దానికి ఇంకో ఆటవస్తువు. మూతతో దోమలకి కూడా దారి మూసినట్టే, డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవనీళ్ళలోనే, శుక్రవారం డ్రై డే అని వారానికోసారి నీళ్ళ తొట్లు ఖాళీ చేసి తోమమని చెప్పేది అందుకే. తోమాక బోర్లించడం మర్చిపోకండి, అంతే.

ఇంకొకటి, చెప్పక తప్పదు. ఎక్కడైనా పిల్ల నీళ్ళలో పడితే పైకి తీసి తలకిందులుగా పట్టుకుని ఊపడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం చూస్తుంటాం, అది చెయ్యకూడదు, దానివల్ల టైము పోతుంది. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఇవ్వాలి, ఛాతీ నొక్కుతూ ఉండాలి, పక్కవాళ్ళ చేత 108కి ఫోన్ చేయించాలి. అది ఎలా చెయ్యాలో రేడియోలో మాటలతో చెబితే రాదు, బొమ్మ మీద చేసి చూపించమని ఆసుపత్రిలో నర్సుల్ని అడగండి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్కరైనా నేర్చుకుని ఉండాలని నా ఉద్దేశం. ఇంట్లో ఎక్కువసేపు ఎవరుంటారో వాళ్ళు ముందు నేర్చుకోవాలి.

మిగతా రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదండి. ఆటో వెళ్ళాక కాస్త ఊపిరాడుతుంది, కుళాయి కట్టేస్తారు, పప్పన్నం, నెయ్యి, సగం పిల్ల కడుపులోకి సగం నేల మీదకి. మధ్యాహ్నం చిన్నది పడుకున్నప్పుడు చాలామంది ఆగిపోయిన పనులన్నీ అప్పుడే చెయ్యాలని చూస్తారు. నేను చెయ్యను. పెద్దోడు వచ్చేవరకూ టీ పెట్టుకుని ఊరికే కూర్చుంటాను, అంట్లు ఎలాగూ సాయంత్రానికి మళ్ళీ పడతాయి. అయిదున్నర దాటాక మా ఆవిడ వస్తుంది, పిల్లలిద్దరూ ఆవిడ మీద పడిపోతారు, నేను వంటింట్లో దూరి తలుపు వేసుకుంటాను. రోజు మొత్తంలో తెగకుండా చేసే పని నాకు అదొక్కటే, రాత్రి కూర. నా కూరలు బాగుంటాయని మామ్మ అంటుంది, కారణం అదే అయ్యుండొచ్చు.

టైము అయిపోతోందని అద్దం అవతల నుంచి సైగ చేస్తున్నారు. గొళ్ళెం సంగతి సగంలో వదిలేశాను, అదొక్కటీ చెప్పి లేస్తాను. బాత్రూం గొళ్ళెం మరీ పైకి పెడితే పెద్దోడికి అందదు, వాడికి అర్జెంటుగా వచ్చినప్పుడు గోల. అందుకని బయటవైపు రెండో గొళ్ళెం ఒకటి పెట్టించాం, నాలుగేళ్ళవాడు చెయ్యెత్తితే అందేలా, ఏడాదిన్నరది ఎగిరినా అందకుండా. వడ్రంగి వచ్చినప్పుడు పిల్లలిద్దర్నీ తలుపుకి ఆనించి నిలబెట్టి, చేతులు పైకెత్తించి, పెన్సిల్‌తో రెండు గీతలు గీసి ఇచ్చాం, ఆ రెండు గీతల మధ్యలో బిగించాడు. చిన్నది పెరుగుతుంది కాబట్టి ఆర్నెల్లకోసారి మళ్ళీ నిలబెట్టి చూసుకోవాలి. నమస్కారమండి.