26 రోజుల రక్తం

శ్రోతలకు నమస్కారం.

నేను చాలా ఏళ్లు బ్లడ్ బ్యాంకులో పనిచేశాను. ఒక సాయంత్రం ఒక కుర్రాడు తీసుకెళ్లిన రక్తం సంచిని వెనక్కి పట్టుకొచ్చాడు. లేబుల్ మీద తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడట. "డాక్టరు గారూ, ఇది 26 రోజుల రక్తమండీ. పొద్దుటి కూర రాత్రికి పెట్టను మా అమ్మకి. ఇదెలా ఎక్కించమంటారు?" అన్నాడు. వెనకాల నలుగురు స్నేహితులు, చొక్కా చేతులు మడిచి సిద్ధంగా ఉన్నారు.

అతని భయంలో నిజం లేకపోలేదు. సంచిలో రక్తం పాతబడుతుంది.

ఒక్క ఎర్ర కణాన్నే చూద్దాం. మెత్తటి పిండిబిళ్ళను రెండు వైపులా మధ్యలో వేలితో నొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తనకంటే సన్నని నాళంలోకి కూడా మడత పడి దూరిపోతుంది. అలా మెత్తగా ఉండాలంటే దానికి శక్తి కావాలి. ఆ శక్తిని ఇచ్చే పదార్థం పేరు ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి దాన్ని కండరంలో గుర్తించింది ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఫ్రిజ్‌లో, 2 నుంచి 6 డిగ్రీల చలిలో, ఆ ఏటీపీ మెల్లగా తరిగిపోతుంది. అందుకే సంచిలో గ్లూకోజు, ఎడినిన్ కలిపిన ద్రవం పోస్తాం. దానితో 42 రోజులు నిలవ ఉంచవచ్చు. అయినా రోజులు గడిచేకొద్దీ కొన్ని కణాల ఒంటి మీద ముళ్లు లేస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే అచ్చం ఉమ్మెత్తకాయలే. మెత్తదనం పోతుంది. కొన్ని పగులుతాయి. పగిలితే లోపల ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ బయటికొస్తుంది.

రక్తనాళానికి ఇబ్బంది అక్కడే. నాళం వట్టి గొట్టం కాదండీ. దాని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. అది తగిలితే నాళం వదులవుతుంది, రక్తానికి దారి వెడల్పవుతుంది. ఈ సంగతి తేల్చినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. కణంలోంచి బయటపడ్డ హిమోగ్లోబిన్ ఆ వాయువును లాగేసుకుంటుంది. అప్పుడు నాళం బిగుసుకోవచ్చు.

మరి పాత రక్తం ఎక్కిస్తే మనుషులకు ఎక్కువ హాని జరుగుతుందా? ఈ టెన్షన్ డాక్టర్లకూ ఉండేది. అందుకే నాలుగు దేశాల్లోని ఆరు ఆసుపత్రుల్లో 20 వేల మందికి పైగా రోగులతో పరీక్షించి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. కొందరికి ఉన్నవాటిలో తాజా రక్తం, మిగతావాళ్లకు పాతది. ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు తాజా వైపు నూటికి 9.1, పాత వైపు 8.7. తేడా లేనట్టే. సంచిలో కణాలకు జరిగే నష్టం నిజమే, కానీ గడువులోపు రక్తమైతే అది ప్రాణం మీదికి రావడం కనిపించలేదు. పసిబిడ్డలకు రక్తం మార్చేటప్పుడు మాత్రం కొత్త రక్తమే వెతుకుతాం. అది డాక్టర్లు చూసుకుంటారు.

కాబట్టి మీ వాళ్లకు రక్తం ఎక్కించాలి అన్నప్పుడు, ఎన్ని రోజులదని అడగకండి. "హిమోగ్లోబిన్ ఎంతుందండీ? ఇప్పుడు తప్పనిసరా? ఒక్క సంచి సరిపోతుందా?" అని అడగండి. రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్న చాలామంది పెద్దవాళ్లకు హిమోగ్లోబిన్ 7 గ్రాములకు తగ్గేదాకా ఆగవచ్చు. గుండె జబ్బు ఉంటే లెక్క వేరు. అక్కర్లేని సంచి కొత్తదైనా వద్దు, అవసరమైన సంచి 26 రోజులదైనా కావాలి.

ఆ అబ్బాయికీ ఇదే చెప్పాను. ఇప్పుడే తీసిన రక్తాన్ని ఎందుకు ఎక్కించమో కూడా చెప్పాను: హెచ్‌ఐవీ, రెండు రకాల కామెర్లు, సిఫిలిస్, మలేరియా, ఇవన్నీ పరీక్ష చేయకుండా ఏ సంచీ బయటికి పోదు. కాసేపు ఆలోచించి, సంచి తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాడు. గంట తర్వాత మళ్లీ వచ్చి, "నాది కూడా తీసుకోండి సార్, ఎవరికైనా పనికొస్తుంది" అని చెయ్యి చాపాడు. ఆ సంచి మీద తేదీ నేనే వేశాను.

నమస్కారం.