గొటబాయ కుర్చీ, యూరియా మూట

[దృశ్యం: తెల్లవారుజాము. అనంతపురంలో ఒక ఎరువుల దుకాణం, షట్టర్ ఇంకా తీయలేదు. ముందు వరసగా చెప్పులు. ఒక్కో జత మీద పాసుపుస్తకం జిరాక్సు, ఎగిరిపోకుండా పైన ఒక రాయి.]

ఇది యూరియా క్యూ. మనుషులు టీ బంకు దగ్గర ఉన్నారు, చెప్పులు లైన్లో ఉన్నాయి. "ఏమప్పా, వీడియో తీస్తే మూట ఇస్తారా?" అని అడిగాడు మా పెద్దనాయన. ఇవ్వరు పెద్దనాయనా. కానీ శ్రీలంకలో ఈ మూట కథ అధ్యక్షుడి కుర్చీ దాకా పోయింది.

2019లో శ్రీలంక అధ్యక్ష ఎన్నికలో గొటబాయ రాజపక్స 52 శాతం ఓట్లతో గెలిచాడు. రాగానే వ్యాట్‌ను, అంటే కొనేవాటి మీద పడే పన్నును, 15 నుంచి 8 శాతానికి తగ్గించాడు. ఖజానా ఎండింది. కరోనాతో టూరిస్టులూ ఆగిపోయారు. డాలర్లకు కటకటగా ఉన్నప్పుడే, 2021లో, రసాయన ఎరువుల దిగుమతి ఆపేశారు. సేంద్రియ సేద్యం మంచిదే, నేనూ కాదనను. ఒక్క పంట కాలం గడువైనా ఇవ్వొద్దా? వరి దిగుబడి పడిపోయింది, బియ్యం బయట కొనాల్సి వచ్చింది. నవంబరులో నిషేధం ఎత్తేశారు. అదను దాటాక ఎరువు వస్తే ఏం లాభమో వేరుశనగ వేసేవాళ్లకు నేను చెప్పాలా?

[దృశ్యం: కొలంబో మ్యాప్, గాల్ ఫేస్ దగ్గర ఎర్ర చుక్క.]

2022 మార్చి చివర్లో రోజుకు 13 గంటల కరెంటు కోత. పెట్రోలు క్యూల్లో నిలబడి కొందరు ప్రాణాలే వదిలారు. ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. జనం కొలంబో సముద్రతీర మైదానం గాల్ ఫేస్‌లో గుడారాలు వేసి 'గోటగోగామ' అని పేరు పెట్టారు. గోట అంటే గొటబాయ, గో అంటే ఇంగ్లీషులో పో. గామ అంటే సింహళంలో ఊరు, మన గ్రామమే.

అయితే జనం కోపం ఒక్కటే నాయకుణ్ణి దించదు. తుపాకి ఎవరి వైపు తిరుగుతుందన్నది ముఖ్యం. 1989లో బీజింగ్‌లో సైన్యం జనాన్ని కాల్చింది, కాల్చమన్న నాయకులు కుర్చీల్లోనే ఉన్నారు. కొలంబోలో 2022 జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి తోసుకొచ్చినప్పుడు సైన్యం అంత పనికి దిగలేదు. ఈత కొలనులో జలకాలాడిన వీడియో మీరూ చూసే ఉంటారు. 13న గొటబాయ సైనిక విమానంలో మాల్దీవులకు, అక్కణ్ణుంచి సింగపూర్‌కు పోయాడు. రాజీనామా ఈమెయిల్‌లో వచ్చింది.

తర్వాత? పార్లమెంటు రణిల్ విక్రమసింఘేను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. రెండు రోజులకే సైన్యం వచ్చి గుడారాలు పీకేసింది. 2023లో దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి, ఐఎంఎఫ్, సుమారు 300 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుంది. 2024 జనవరిలో వ్యాట్ 18 శాతానికి ఎక్కింది. కట్టేది ఆ క్యూల్లో నిలబడ్డవాళ్లే. 2019లో 3 శాతం ఓట్లు తెచ్చుకున్న అనుర కుమార దిసనాయకే 2024 సెప్టెంబరులో అధ్యక్షుడయ్యాడు.

[దృశ్యం: షట్టర్ లేచింది. అందరూ పరుగున వచ్చి ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుంటున్నారు.]