వీధి మలుపులో ఏముంటే కంచంలో అదే

సభకు నమస్కారం.

షుగరు, బీపీ మాట వచ్చినప్పుడల్లా మనం రోగినే తప్పుపడతాం, నోరు కట్టుకోలేదంటాం. ఆ మాట అనే ముందు అతని గుమ్మం దాటి నాలుగడుగులు వేసి, ఆ వీధిలో ఏమి అమ్ముతున్నారో, ఏ వేళకు, ఎంతకు అమ్ముతున్నారో చూడమని ఈ రోజు మిమ్మల్ని కోరుతున్నాను.

హైదరాబాదు కాలనీల్లో కర్రీ పాయింట్ లేని వీధి అరుదు. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్ళే ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి అన్నం ఒక్కటే ఉడుకుతుంది. పప్పు, వేపుడు, సాంబారు చిన్న కవర్లలో ముడివేసుకుని వస్తాయి. దీన్ని నేను తప్పు అనను, ఎందరో ఆడవాళ్ళకు పొయ్యి ముందు చాకిరీ తగ్గించింది ఈ కర్రీ పాయింటే. అయితే ఆ ఇంటి ఉప్పూ నూనెల కొలత ఇంటివాళ్ళ చేతిలోంచి జారిపోయింది. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా, మించకూడదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ముడివేసిన కవరు మీద ఆ లెక్క ఎక్కడా ఉండదు.

బజ్జీల బండి దగ్గర కాసేపు నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. మూకుడులో నూనె తరిగినకొద్దీ పాతదాని మీదే కొత్తది పోస్తారు. కాగి కాగి నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడరాదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. కానీ ఆ శాతం కొలిచే సాధనం బండివాడి దగ్గర ఉండదు, మిగిలిన నూనె పారబోస్తే ఆ రోజు లాభం దానితోనే పోతుంది.

కిరాణా కొట్టుకు వద్దాం. కందిపప్పు, పెసలు లోపల బస్తాల్లో ఉంటాయి. చిప్స్ ప్యాకెట్ల దండలు బయట, సరిగ్గా పిల్లల కళ్ళకు ఎదురుగా వేలాడతాయి. ఇందులో కొట్టువాడి దుర్బుద్ధి ఏమీ లేదు. ఐదు రూపాయల ప్యాకెట్ నెలలపాటు చెడదు, కంపెనీ బండే తెచ్చి దించుతుంది. తోటకూర కట్ట సాయంత్రానికి వాడిపోతుంది, ఆ నష్టం పూర్తిగా అతనిదే. చెడిపోని సరుకు ముందుకు వచ్చి, చెడిపోయే సరుకు వీధిలోంచే మాయమవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి గేటుకు 50 మీటర్ల లోపల అమ్మరాదని 2020లో నిబంధన తెచ్చారు. మంచిదే, కానీ పిల్లవాడు ఇంటికి నడిచే దారి అంతకన్నా ఎంతో పొడవు.

1999లో మొదలైన రైతుబజార్లు దగ్గరున్నవారికి ఎంతో మేలు చేశాయి. అయినా రాత్రి ఏడింటికి బస్సు దిగి ఇంటిముఖం పట్టే మనిషికి కావలసింది తన దారిలో ఉండే కూరగాయల తోపుడు బండి. ట్రాఫిక్‌కు అడ్డమని మనం మొదట తరిమేది ఆ బండినే. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో ఏర్పడాల్సిన కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రయదారులే ఉండాలి. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలన్న చర్చ వచ్చినప్పుడు బస్టాపుల పక్కన, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, కూరగాయలూ పండ్లూ అమ్మేవారికి ముందుగా చోటు కేటాయించాలని ఆ కమిటీని మీ వార్డు తరఫున రాతపూర్వకంగా అడగండి.