మోనోనా, స్టీరియోనా?

అందరికీ నమస్కారం. నల్లగొండలో ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, వినేవాళ్లు ఇంతమంది ఒక్కచోట కూడటం చూస్తే కడుపు నిండినట్టుంది. పాత ఆల్బమ్‌లు మళ్లీ ముద్రించి వస్తున్నయి. కొన్ని మోనోలోనూ దొరుకుతున్నయి, స్టీరియోలోనూ దొరుకుతున్నయి. మోనో అంటే పాటంతా ఒక్కటే చానెల్ల, స్టీరియో అంటే ఎడమ, కుడి స్పీకర్లకు వేర్వేరు చానెళ్లు. "ఏది తీసుకోవాలె అన్నా?" అని అడుగుతున్నరు. రెండు చానెళ్లున్నయి కాబట్టి స్టీరియోనే మేలనుకుంటరు చాలామంది. నేనైతే ఒక్కటే చూస్త: ఆ పాట చేసినోళ్లు మనసు పెట్టి కూర్చున్నది ఏ మిక్సు (గొంతులు, వాద్యాలు కలిపే పని) దగ్గర?

స్టీరియో ఎల్పీలు అంగళ్లకు వచ్చింది 1958 ప్రాంతంలో. ఆ తర్వాత కూడా ఏండ్లపాటు ఎక్కువమంది విన్నది ఒక్క స్పీకరు మీదనే. 1963లో వచ్చిన ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ'ని రెండు ట్రాకుల టేపు మీద ఎక్కించిండ్రు. ఒకదాంట్ల వాద్యాలు, ఇంకోదాంట్ల గొంతులు. రెండింటినీ తూకంగా కలిపి మోనో చెయ్యాలన్నదే ఆలోచన. స్టీరియోలో అవి చెరో దిక్కు పోయినయి. ఎడమ స్పీకరు పక్కన నిలబడి వినుండ్రి: గిటార్లు, డ్రమ్ములే దగ్గర. పాడేటోళ్లు గది అవతలి మూలకు! 1967 నాటి వాళ్ల ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్స్' కూడా అంతే. మోనో మిక్సుకు బీటిల్స్ దగ్గరుండిండ్రు, స్టీరియో మిక్సు వాళ్లు లేకుండనే కొద్ది రోజుల్లో అయిపోయింది. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' పాట మోనోలో కొంచెం వేగంగ, పై శ్రుతిలో వినిపిస్తది. 2014లో పాత అనలాగ్ టేపుల నుంచి ఆ మోనో ఎల్పీలు మళ్లీ తెచ్చిండ్రు. దొరికితే వదలకుండ్రి.

అట్లని సంవత్సరం చూసి తీర్పు చెప్పొద్దు. 1959 నాటి జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'ని మూడు ట్రాకుల టేపు మీద ఎక్కించిండ్రు. మధ్యల ట్రంపెట్, చెరో పక్క శాక్సోఫోన్లు. దానికి నా ఓటు స్టీరియోకే. బీటిల్స్ 1969 ఆల్బమ్ 'ఆబీ రోడ్'కైతే మోనో మిక్సే చెయ్యలేదు.

ఇగ మన సంగతి. పెండ్లిళ్లల్ల మైకు సెట్టు మీద మోగిన 50ల, 60ల తెలుగు సినిమా పాటలు పుట్టుకతోనే మోనో. వాటి అట్ట మీద 'స్టీరియో' అని కనబడితే జాగ్రత్త. ఒక్క చానెల్‌నే చీల్చి, కింది స్వరాలు ఒక దిక్కు, పైవి ఇంకో దిక్కు నెట్టే పద్ధతి ఒకటి ఉండె. దాంతోటి గొంతు పలచబడి, పాటలో బలం పోతది. నేను వాటిని ముట్టను.

ఒక పని చెయ్యుండ్రి. మోనో రికార్డు గాడిలో పాట ఉండేది పక్కలకు కదిలే కదలికలోనే. స్టీరియో సూది పైకి కిందికి కదిలేదాన్ని కూడా చదువుతది, అక్కడ దొరికేది దుమ్ము, అరుగుదల చప్పుడే. మీ ఆంప్లిఫైయర్‌కు మోనో మీట ఉంటే నొక్కుండ్రి, ఆ చప్పుడు చాలావరకు పోతది. ఇప్పుడు 'ప్లీజ్ ప్లీజ్ మీ' రెండు ముద్రణలూ పెడుతున్న, ముందు మోనో.