గుడ్లు అడిగితే "ఫ్రెంచ్ రాదు" అంది!

(తెర మీద: ఒక కోడిగుడ్డు)

దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు? ఎగ్. ఒకటో తరగతి పిల్లాడైనా చెప్పేస్తాడు. కానీ ఐదొందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లోనే ఒక ఇల్లాలికి ఈ మాట అర్థం కాలేదు.

ఈ సంగతి రాసిపెట్టింది విలియం కాక్స్‌టన్. 1476లో ఇంగ్లండ్‌లో మొదటి అచ్చుయంత్రం పెట్టిన ఆయన. 1490లో తాను అచ్చేసిన ఒక పుస్తకం ముందుమాటలో ఇది చెప్పాడు.

(తెర మీద: నది, కదలని తెరచాప)

కొందరు వర్తకులు థేమ్స్ నదిలో ఓడెక్కారు. గాలి లేక ఓడ ఆగిపోయింది. ఒకాయన ఒడ్డుకి దిగి, ఓ ఇంటి తలుపు తట్టి, తినడానికి ఎగ్స్ ఉన్నాయా అని అడిగాడు. ఆవిడ, "నాకు ఫ్రెంచ్ రాదయ్యా" అంది. ఆయనకి ఒళ్లు మండింది. ఎందుకంటే ఫ్రెంచ్ ఆయనకీ రాదు! చివరికి ఇంకొకాయన కల్పించుకుని "ఐరెన్" కావాలన్నాడు. అప్పుడు ఆవిడకి అర్థమైంది.

గుడ్డుకి రెండు మాటలెందుకు? ఐదో శతాబ్దంలో ఇప్పటి జర్మనీ, డెన్మార్క్ వైపు నుంచి ఆంగ్లులు, శాక్సన్లు వచ్చారు. "ఐరెన్" వాళ్ల మాట. ఆ తర్వాత డెన్మార్క్, నార్వేల నుంచి ఓడల్లో వైకింగులు. 793లో లిండిస్‌ఫార్న్ మఠాన్ని దోచుకున్నవాళ్లే, తర్వాత ఉత్తరాన, తూర్పున ఇళ్లు కట్టుకుని, పిల్లనిచ్చి పుచ్చుకుని స్థిరపడ్డారు. "ఎగ్" వాళ్లది. స్కై, నైఫ్ కూడా. నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది "దే". వస్తువుల పేర్లు అరువు తెచ్చుకోవడం ఏ భాషకైనా మామూలే. "వాళ్లు" అనే మాట కూడా పక్కింటి నుంచి తెచ్చుకుంటారా!

మరి ఆవిడకి ఫ్రెంచే ఎందుకు గుర్తొచ్చింది? 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్‌ని గెలిచాక రాజదర్బారులో, కోర్టుల్లో ఫ్రెంచే నడిచింది. కోర్టులో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టమే చేయాల్సి వచ్చింది. కొత్త మాట వినిపిస్తే ఫ్రెంచే అనుకోవడంలో ఆవిడ తప్పేముంది?

కాక్స్‌టన్ టెన్షన్ వేరు. అచ్చులో ఏ మాట వేయాలి, ఎగ్సా, ఐరెనా? చివరికి ఎగ్ నిలిచింది.

(తెర మీద: నైఫ్ స్పెల్లింగ్, మొదటి అక్షరం ఎర్రగా)

అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి. నోరు మాత్రం ఆగలేదు. నైఫ్‌ని ఒకప్పుడు "క్నీఫ్" అనేవాళ్లు. ఆ మొదటి "కె" నిజంగా పలికేది. నైట్ మధ్యలో ఉన్న "జి హెచ్" కూడా గొంతులోంచి గరగరమంటూ వచ్చేది.

డెట్, అంటే అప్పు, ఆ మాటలో "బి" సంగతి వేరు. ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు అది లేదు. లాటిన్‌లో "డెబిటుమ్" ఉంది కదా అని తర్వాత పండితులు ఇరికించారు. ఆ "బి" మర్చిపోయినందుకే నాకు ఆరో తరగతి డిక్టేషన్‌లో మార్కు పోయింది.